పడటం నేర్చిన పట్టీ

కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేటి ఒడ్డున, ఓ పాత ఉప్పు గోడౌనులో ముత్యాలరావు మాస్టారు ఇరవై ఏళ్లుగా జనానికి పడటం నేర్పుతున్నారు. ఆ మాట వింటే కొత్తవాళ్లు నవ్వుతారు. పడటానికి మాస్టారెందుకు, అరటితొక్క చాలదా అంటారు. మాస్టారు వాళ్లను తృప్తిగా నవ్వనిచ్చి, చెప్పులు విప్పి లోపలికి రమ్మంటారు. గంట తర్వాత వాళ్లు నడుములు పట్టుకుని బయటికొస్తారు. విచిత్రమేమిటంటే, మర్నాడు మళ్లీ వస్తారు.

ఆ విద్య పేరు అయికిడో. మాస్టారు కుర్రతనంలో సరుకుల ఓడలో ఇంజను గదిలో పనిచేసేవారు. ఆ ఓడ ఓసారి మరమ్మతు కోసం జపాను రేవులో ఎనిమిది నెలలు ఆగిపోతే, తోటివాళ్లు పేకాటలో ఆరితేరారు, ఈయన ఇందులో ఆరితేరారు. ఎవరైనా మీదికొస్తే ఎదురు తోయకుండా పక్కకు తిరిగి, వాడి ఊపుతోనే వాణ్ణి ఓ చుట్టు తిప్పి, దెబ్బ తగలకుండా కింద కూర్చోబెట్టడం ఇందులో అసలు కిటుకు. కూర్చోబడేవాడికి కూడా ఆ పని సరిగ్గా రావాలి కాబట్టి మొదటి నెలంతా పడటమే చదువు. లారీల టార్పాలిన్లు కుట్టే సాయిబుగారు కొబ్బరిపీచు కూరి కుట్టిచ్చిన పట్టాల మీద, ముందుకు దొర్లి లేవడం, వెనక్కి దొర్లి లేవడం, మళ్లీ దొర్లడం.

గోడౌనుకు ఓ ఆచారం ఉంది. నల్ల బెల్టు పరీక్ష నాడు శిష్యులు ఆఖరున విసరాల్సింది మాస్టారినే. ఆయన నిజంగా మీదికొస్తారు, శిష్యుడు నిజంగా విసురుతాడు, ఆయన దొర్లి లేచొచ్చి తన చేత్తో బెల్టు కడతారు. మాస్టారు పడితేనే బెల్టు. ఇప్పటికి పదకొండు మంది ఆయన్ని పడగొట్టి గర్వంగా ఇంటికి వెళ్లారు. పన్నెండో మనిషి లోవలక్ష్మి. బడి పిల్లల్ని ఆటోలో తిప్పే పాతికేళ్ల పిల్ల. చూడ్డానికి పీలగా ఉంటుంది గానీ, చెయ్యి పట్టుకుందంటే ఎంతటివాడైనా ఎటు తిరిగాడో తెలియకుండానే నేలమీదుంటాడు.

ఆమె పరీక్షకు రోజు కుదిరిన వారంలోనే మాస్టారికి విషజ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ, వాడిన మందులు రెండు చెవుల లోపలా శరీరపు తూకం చూసే భాగాన్ని పాడుచేశాయి. చెవులు బాగానే వినిపిస్తాయి, నేల మాత్రం ఊగుతూ ఉంటుంది. కళ్లు మూస్తే ఒరిగిపోయేవారు. ఇంట్లో గోడలు పట్టుకుని నడిచేవారు. గోడ లేనిచోట ఆయన భార్య హైమావతి మోచెయ్యి పట్టుకుని నడిపించేది.

హైమావతి ఊరి చివర పరిశోధన సంస్థలో మరమనుషులకు నడక నేర్పే ప్రయోగశాలకు పెద్ద. భర్త మొదటిసారి స్నానాలగది గడప దగ్గర తూలినరోజే ఆమె ఓ నిర్ణయానికొచ్చింది. ఇనుప బొమ్మల్ని నిలబెట్టిన మనిషిని, కట్టుకున్నవాణ్ణి నిలబెట్టుకోలేనా అనుకుంది. రెండేళ్లు అన్నం నీళ్లు మరిచి ఓ నడుంపట్టీ తయారుచేసింది. అందులో అరచేతిలో పట్టే ఉక్కు బొంగరాలు రెండు, కంటికి కనపడనంత వేగంగా తిరుగుతుంటాయి. మనిషి ఒరిగాడో లేదో అవి అడ్డం తిరిగి నిటారుగా నిలబెట్టేస్తాయి. పైగా ఆ పట్టీ తనంతట తాను నేర్చుకుంటుంది. వేసుకున్నవాడి ప్రతి అడుగునూ చూసి, ఎప్పుడు ఎంత బలం పెట్టాలో రోజురోజుకీ దిద్దుకుంటుంది. దానికి నిలకడ పట్టీ అని పేరు పెట్టారు. నలభై మంది రోగులు అది కట్టుకుని బజారుకెళ్లి కూరలు తెచ్చుకుంటున్నారు.

పట్టీ కట్టుకున్న పదో రోజున మాస్టారు గోడౌనులో అడుగుపెట్టారు. మూడేళ్ల తర్వాత ఆయన ఎవరి ఆసరా లేకుండా పట్టాల మీదికి నడిచొస్తుంటే, అన్నాళ్లూ గోడౌను తెరిచి ఉంచిన శిష్యులు ఈలలు వేశారు. గుమ్మం దగ్గర నిలబడ్డ హైమావతికి గర్వంతో కళ్లు నిండిపోయాయి.

"రా లోవా, పరీక్షకి ముందోసారి కానిద్దాం," అన్నారు మాస్టారు.

ఆయన చెయ్యెత్తి మీదికొచ్చారు. లోవలక్ష్మి ఆ మణికట్టు అందుకుని, ఆయన చంక కిందనుంచి దూరి తిరిగి, చక్కగా విసిరింది. మాస్టారు పడలేదు. ఆయన ఒరిగీ ఒరగగానే బొంగరాలు గుయ్యిమన్నాయి. ఆయన స్తంభంలా బిగుసుకుపోయారు. విసిరిన ఊపంతా ఎటూ పోలేక తిరిగి లోవలక్ష్మి చేతిలోకే వచ్చింది. టక్‌మని చప్పుడైంది. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని కూలబడింది. మాస్టారు మాత్రం నిటారుగా నిలబడే ఉన్నారు. వంగి ఆమెను లేపుదామని చూస్తే, పట్టీ అదికూడా పడటమే అనుకుని ఆయన్ని వంగనివ్వలేదు.

ఎముక విరగలేదు, నరం బెణికింది. మూడు వారాలు ఆటో తోలకూడదన్నారు డాక్టరు.

మర్నాడు ప్రయోగశాలలో హైమావతి, ఆమె దగ్గర పనిచేసే ఇమ్మానుయేలు, ఆ క్షణంలో పట్టీ నమోదు చేసిన గీతలన్నీ తెరమీద పెట్టుకుని కూర్చున్నారు. ఇమ్మానుయేలు బొంగరాలు బిగించడంలో ఎంత నేర్పరో, ఉన్నమాట ముఖంమీద అనడంలోనూ అంతే.

"పట్టీ తప్పేం లేదు మేడం. మనం చెప్పిందే చేసింది," అన్నాడు.

"మనం ఏం చెప్పాం?"

అతను పరీక్షల పట్టిక తీసి చూపించాడు. రెండేళ్లుగా ప్రతి పరీక్ష చివరా ఒకటే గడి. 'పడ్డారా?' అవును అంటే సున్నా, కాదు అంటే వంద. ఆ గడి రాసింది హైమావతే. భర్త ఇరవై ఏళ్లుగా రోజూ సాయంత్రం పడుతూ లేస్తూ బతికాడని తెలిసి కూడా రాసింది. తన మీద తనకే కోపం వచ్చింది.

మాస్టారు ఆమెను ఒక్కమాట అనలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా ఉంది. ఆయన పట్టీ కట్టుకుని బజారుకెళ్లేవారు, పాలు తెచ్చేవారు, మేడ మీద బట్టలు ఆరేసేవారు. గోడౌను వైపు మాత్రం పోయేవారు కాదు. సాయంత్రం అయిదున్నరకు వీధి అరుగుమీద కూర్చుని, వచ్చేపోయే సైకిళ్లు లెక్కపెట్టేవారు.

వారం తర్వాత లోవలక్ష్మి చేతికి కట్టుతో వచ్చింది.

"పరీక్షకి బయటనుంచి ఎవరైనా పెద్ద మాస్టారిని పిలిపిస్తానమ్మా. ఆయన్ని విసురు. బెల్టు నేనే కడతాను," అన్నారు మాస్టారు.

"ఆయ్, నాకొద్దండి."

"అదేంటే?"

"మీరు పడితేనేనండి బెల్టు. గోడౌను రూలది, మీరు పెట్టిందే. మీరు పడకపోతే నేను ఈ తెల్ల బెల్టుతోనే ముసలిదాన్నైపోతాను. నాకేం తొందర్లేదండి." ఆమె హైమావతి వైపు తిరిగింది. "మేడంగారూ, ఏమీ అనుకోకండి. మేస్టారు నడుస్తున్నారు, సంతోషమే. కానీండి, ఆయన గాజుబొమ్మకి గుడ్డ చుట్టి బీరువాలో పెట్టినట్టు ఉన్నారండి."

హైమావతికి మాట తగిలింది. నిజం కాబట్టే తగిలింది.

"చెయ్యి నయమవనీ. ఆ పట్టీకి పడటం నేర్పుదాం," అంది.

చెప్పినంత తేలికేం కాదు. కట్టు విప్పాక లోవలక్ష్మికి పట్టీ కట్టి, బొంగరాలు ఆపేసి, ఊరికే చూసి నేర్చుకోమని వదిలారు. ఆ పిల్ల ముందుకు మూడు వందలసార్లు, వెనక్కి మూడు వందలసార్లు దొర్లింది. సాయంత్రం ఇమ్మానుయేలు లెక్కలు చూసి తల గోక్కున్నాడు.

"పట్టీ ఏమంటోందో తెలుసా మేడం? ఈవిడ ఒక్కసారి కూడా పడలేదంటోంది. నడిచినట్టే ఉందంట. చక్రం దొర్లుతుంటే పడిందని ఎవరంటారు? ఇందులో దానికి నేర్చుకోడానికేం లేదు."

"మరెలా?"

"పడటం రానివాళ్లు కావాలి. భయపడేవాళ్లు, బిగుసుకుపోయేవాళ్లు. మొదట్నించీ నేర్చుకుంటుంటే పట్టీ కూడా వాళ్లతోపాటే నేర్చుకుంటుంది." అతను హైమావతి వంక చూశాడు. "ఏమీ అనుకోనంటే ఒకరి పేరు చెప్తాను మేడం."

చెప్పక్కర్లేదు. హైమావతికి యాభయ్యొక్క ఏళ్లు. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల ఆటలో కూడా జారి పడతానని గళ్ల పక్కనుంచి నడిచేది. ఎస్కలేటరు ఎక్కేముందు దేవుణ్ణి తలుచుకుంటుంది. లోకంలో పడటమంటే అంత భయపడే మనిషి కాబట్టే అంత గట్టి పట్టీ చేయగలిగింది.

ఆ సాయంత్రమే మాస్టారు మళ్లీ గోడౌనుకొచ్చారు, కొత్త శిష్యురాలి మోచెయ్యి పట్టుకుని. బొంగరాలు ఆపేసిన నిలకడ పట్టీ ఆమె నడుముకుంది కాబట్టి, ఆయన పట్టాల అంచున కుర్చీ వేసుకుని కూర్చున్నారు. హైమావతి పంజాబీ డ్రెస్సులో, పెళ్లిచూపులకొచ్చినంత బిడియంగా నిలబడింది.

"గెడ్డం గుండెకి ఆనించు," అన్నారు మాస్టారు. "వెనక్కి పడేటప్పుడు కొబ్బరికాయ నేలకి కొట్టకూడదు."

"నా తల కొబ్బరికాయా?"

"మామూలుదా? డాక్టరేటున్న కొబ్బరికాయ. ఊఁ, కూర్చో. వీపు గుండ్రంగా పెట్టు. వెనక్కి వాలు."

ఆమె వాలలేదు. తలుపు ఊడిపడ్డట్టు పడింది. గోడౌనంతా దుమ్ము లేచింది. శిష్యులు నవ్వాపుకోవడానికి నానా తంటాలు పడ్డారు.

"ఊపిరి వదలండి మేడంగారూ," అంది లోవలక్ష్మి. "బిగబట్టుకుని పడితే దెబ్బ తగులుద్దండి. వదిలీసి పడితే నేలే మోసేసుకుంటాది."

మొదటి వారం ఆమెకు ఒళ్లంతా పచ్చిపుండు. ప్రయోగశాలలో కుర్చీలో కూర్చునేటప్పుడు 'అమ్మా' అంటే ఇమ్మానుయేలు గంభీరంగా దానిని కూడా పుస్తకంలో రాసుకునేవాడు. ఇంట్లో మాస్టారు నువ్వుల నూనె కాచి ఆమె భుజాలకు రాస్తూ, ఇవాళ మోకాలు ఎక్కడ తప్పిందో, చెయ్యి ఎక్కడ అడ్డొచ్చిందో విడమర్చి చెప్పేవారు. మూడేళ్లుగా ఆయన కంఠంలో లేని హుషారు అది. ఆ హుషారు వినడానికైనా రోజూ పడొచ్చనిపించింది హైమావతికి.

రెండోవారం ఆమె వెనక్కి దొర్లి లేచింది. నాలుగోవారం చేతిని కొడవలిలా వంచి, భుజంమీదుగా ముందుకు దొర్లింది. లేచి నిలబడి, తాను నిజంగా లేచిందో లేదో అని ఒళ్లు తడుముకుని, "చూశారా! చూశారా ఏవండీ!" అని చిన్నపిల్లలా అరిచింది. మాస్టారు కుర్చీలోంచి లేవబోయి, నేల ఊగి, మళ్లీ కూర్చుండిపోయి చప్పట్లు కొట్టారు.

అసలు సంగతి అయిదోవారంలో తెలిసింది. ఆరోజు పాఠం చెయ్యి విడిపించుకోవడం. లోవలక్ష్మి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. హైమావతి లాగింది. గింజుకుంది. రెండో చేత్తో వేళ్లు ఊడదీయాలని చూసింది. ఆ పీల పిల్ల కదల్లేదు.

"ఎందుకలా లాగుతావు?" అన్నారు మాస్టారు కుర్చీలోంచి. "ఆ పిల్ల పట్టుకుంది నీ మణికట్టే కదా. మిగతా నువ్వంతా ఖాళీగానే ఉన్నావు. భుజం ఖాళీ, నడుం ఖాళీ, కాళ్లు ఖాళీ. పట్టుకున్నచోట పోట్లాట మానేసి, ఖాళీగా ఉన్నదాంతో తిరుగు. దాని పక్కకెళ్లి నిలబడు."

హైమావతి చేతిని ఉన్నచోటే వదిలేసి, ఒక అడుగేసి, నడుం తిప్పింది. లోవలక్ష్మి పక్కకు వచ్చింది. చిత్రం, పట్టు ఇంకా అలాగే ఉంది గానీ అందులో బరువు లేదు.

"ఇప్పుడిద్దరూ ఒకేవైపు చూస్తున్నారా? ఇంక గొడవేముంది?" అన్నారు మాస్టారు.

హైమావతికి అప్పుడు వెలిగింది. ఆమె పట్టీ ఇన్నాళ్లూ చేస్తున్నది సరిగ్గా ఇందాక తను చేసిన పనే. శరీరం ఎక్కడ ఒరిగితే అక్కడే అడ్డంపడి గింజుకుంటోంది. తూలితే ఆపాలి గానీ, నిజంగా పడేదాన్ని ఆపక్కర్లేదు. దాని పక్కకు చేరి, అదెటు పోతోందో అటే చూస్తూ, ఆ పోవడాన్ని గుండ్రంగా తిప్పాలి. "ఇమ్మానుయేలూ!" అని కేకేసింది. అతను గోడౌనులో లేడని గుర్తొచ్చి, మణికట్టు లోవలక్ష్మి చేతిలో ఉండగానే రెండో చేత్తో ఫోను తీసింది.

'పడ్డారా?' అన్న గడి కొట్టేశారు. 'దెబ్బ తగలకుండా లేచారా?' అని రాశారు. ఆరు వారాలపాటు హైమావతి పడ్డ పన్నెండు వందల చిల్లర పడటాలను, తలుపు ఊడిపడ్డ మొదటిదానినుంచి నేలే మోసుకున్న ఆఖరిదానివరకు, పట్టీ మొదట్నించీ మళ్లీ చదువుకుంది. ముందు ఓ ఇసుక బొమ్మకు కట్టి తోశారు. తర్వాత ఇమ్మానుయేలు గంతలు కట్టుకుని, కుర్చీలో గిరగిరా తిరిగి, తనే కట్టుకుని పడ్డాడు. "బానే ఉంది మేడం, ఎవరో నడుం పట్టుకుని కూర్చోబెట్టినట్టుంది," అన్నాడు నేలమీదనుంచి.

ఓ ఆదివారం ఉదయం పట్టీని మాస్టారికి కట్టారు. హైమావతి బిగింపు మూడుసార్లు విప్పి మళ్లీ బిగించింది. నలభై మందికి కట్టినప్పుడు లేని భయం అది. మెడకో, తుంటికో ఏదైనా అయితే ఈసారి బాధ్యత పూర్తిగా తనది.

"తోయవయ్యా," అన్నారు మాస్టారు ఇమ్మానుయేలుతో.

అతను మొహమాటంగా వేలితో తోశాడు. "అలా కాదు. నీ పాత బాకీలన్నీ గుర్తుచేసుకుని తోయి," అన్నారు. ఈసారి గట్టిగానే తోశాడు. బొంగరాలు బిగుసుకోలేదు, మెల్లగా రాగం తీశాయి. మాస్టారి నడుం కిందికి జారింది, వీపు వంగింది, దబ్బుమని పట్టామీద కూర్చున్నారు. సగం దొర్లి, కాళ్లు గాల్లో పెట్టి, తిరగబడ్డ తాబేలులా ఆగిపోయారు. కాళ్ల మధ్యనుంచి ఆయన ముఖం కనిపించింది. పకపకా నవ్వుతున్నారు. కళ్లవెంట నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

"మూడేళ్లయింది హైమా, నేలని తాకి," అన్నారు.

హైమావతి పక్కనే కూలబడి ఏడ్చింది, నవ్వింది, రెండూ కలిపి చేసింది. ఆ రోజు ఆయన భోజనానికి లేవమంటే లేవలేదు. నలభైసార్లు పడ్డారు.

లోవలక్ష్మి పరీక్షకు గోడౌను నిండిపోయింది. పాత శిష్యులు పదకొండు మందీ వచ్చారు. ఆమె ఆటోలో వెళ్లే పిల్లలు కిటికీ చువ్వలకు వేళ్లాడారు. ఆమె చేయాల్సినవన్నీ చేసింది. ఆఖరున మాస్టారు పట్టాలమీదికొచ్చి, ఎదురుగా వంగి నమస్కరించి, చెయ్యెత్తి నిజంగానే మీదికొచ్చారు. లోవలక్ష్మి ఒక్క రెప్పపాటు తటపటాయించింది. కట్టువిప్పిన మణికట్టు గుర్తొచ్చి ఉంటుంది. అయినా చెయ్యందుకుంది, చంక కింద దూరి తిరిగింది, విసిరింది.

మాస్టారు గాల్లోకి లేచి, భుజంమీద దిగి, చక్కగా దొర్లి, ఆ ఊపుతోనే లేచి నిలబడ్డారు. గోడౌను రేకులు ఎగిరిపోయేలా అరిచారు జనం. ఆయన లోవలక్ష్మి నడుముకు నల్ల బెల్టు కట్టి, ఆ పిల్ల తలమీద చెయ్యిపెట్టారు. ఆమె ఇంక ఆపుకోలేక ఆయన కాళ్లమీద పడి గట్టిగా ఏడ్చేసింది.

అందరూ మిఠాయిల వైపు కదులుతుంటే మాస్టారు పట్టామీదే నిలబడి, "హైమా, ఇలా రా," అన్నారు.

"నేనెందుకండీ?"

"ఆరు వారాలు పడ్డావు. ఒక్కసారైనా పడగొట్టొద్దూ?"

"నాకు బెల్టూ వద్దు, గిల్టూ వద్దు. ఊరుకోండి, అందరూ చూస్తున్నారు."

అందరూ నిజంగానే చూస్తున్నారు. పైగా చప్పట్లు కొడుతున్నారు. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి పట్టాలమీదికొచ్చింది. మాస్టారు వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నారు. ఆమె లాగలేదు. ఒక అడుగేసి, నడుం తిప్పి, ఆయన పక్కకు చేరింది. ఇద్దరూ ఒకేవైపు చూస్తున్నారు. ఆయన చెయ్యందుకుని ముందుకు నడిపించింది. ఆయన తూకం తప్పింది. ఇప్పుడు వదిలేయాలి.

ఆమె వేళ్లు వదల్లేదు. గడపల దగ్గర, మెట్ల దగ్గర, ఆసుపత్రి వరండాల్లో మూడేళ్లపాటు పట్టుకున్న చెయ్యి అది. ఆయన సగం ఒరిగి, ఆమె చేతికి వేళ్లాడుతున్నారు. బొంగరాలు ఏం చేయాలో తోచక గొణుగుతున్నాయి.

"వదులు హైమా," అన్నారు మాస్టారు మెల్లగా.

"పడిపోతారండీ."

"పడదామనే కదా వచ్చాను."

హైమావతి ఊపిరి వదిలింది. చెయ్యి కూడా వదిలేసింది. ఆయన దొర్లుకుంటూ పోయి, పట్టాల చివర లేచి నిలబడి, వెనక్కి తిరిగారు. ఒంటినిండా దుమ్ము, ముఖం నిండా నవ్వు. మళ్లీ చెయ్యి చాచుకుంటూ ఆమె మీదికొస్తున్నారు.

"ఈసారి కాస్త తొందరగా వదిలెయ్యవే," అని అరిచారు.

ఆమె నవ్వుతూ మణికట్టు ముందుకు చాచింది.